దిగని ప్రయాణికుడు: పడవే గమ్యమైన యాత్రలో రేవు స్థానం – డొంకరాయి నుంచి పాపికొండల దాకా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

విహార నౌకలో ప్రయాణిస్తూ, అది ఆగిన రేవుల్లో దిగకుండా నౌకలోనే హాయిగా గడిపే పద్ధతి నేటి పర్యాటకంలో సాధారణమైంది. ప్రయాణ సాధనమే గమ్యంగా మారిన ఈ స్థితిని తెలుగు యాత్రా కథనాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మజిలీని కథకు ఆధారం చేసుకున్న సంప్రదాయం నుంచి, లాంచీనే లోకంగా చూపిన చలనచిత్రాల మీదుగా, పాపికొండల విహారయాత్ర వరకు వచ్చిన మార్పును ఇందులో వివరించడమైనది. ఆ యాత్ర సాగే నదీజలానికి డొంకరాయి జలాశయంతో ఉన్న సంబంధాన్ని చూపి, రేవులో దిగకపోవడం అనే స్వేచ్ఛ రేవు నిలిచి ఉన్నంతవరకే అర్థవంతమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యాత్రా సాహిత్యం, విహార నౌక, మజిలీ, రేవు, లాంచీ, పాపికొండలు, డొంకరాయి, సీలేరు, కొండరెడ్లు, ముంపు.

1. ఉపోద్ఘాతం:

యాత్ర అనగానే మనకు స్ఫురించేది ఒక చోటికి వెళ్లడం, అక్కడ దిగడం, చూడడం, తిరిగి రావడం. ఈ నాలుగింటిలో దిగడం అన్న క్రియను తీసివేస్తే యాత్ర మిగులుతుందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. విహార నౌకల్లో ప్రయాణించేవారిలో ఒక వర్గం ఈ ప్రశ్నకు ఆచరణలోనే జవాబు చెబుతోంది. నౌక రేవుకు చేరగానే తక్కినవారు గుంపులుగా ఊరు చూడడానికి బయలుదేరతారు. వీరు మాత్రం ఖాళీ అయిన పైఅంతస్తులో కుర్చీ వేసుకుని, పుస్తకమో కాఫీయో చేతబట్టి, ఒడ్డును దూరం నుంచి చూస్తూ కూర్చుంటారు. భోజనశాలలో రద్దీ ఉండదు, ఈతకొలనులో సందడి ఉండదు. రేవులో ఉన్నంతసేపు నౌకలోని జూదశాల, దుకాణాలు సాధారణంగా మూసి ఉంటాయి. కాబట్టి వీరికి దక్కేది ప్రధానంగా నిశ్శబ్దం, విశ్రాంతి. ఇంత ఖర్చు పెట్టి వచ్చి ఊరు చూడకపోవడమేమిటని తోటివారు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఖర్చు పెట్టింది నౌక కోసమేనన్నది వీరి సమాధానం.

ఇది సంపన్న దేశాల సముద్రాలకే పరిమితమైన విషయంగా కనిపించవచ్చు. కాని గోదావరి మీద పాపికొండల మధ్య సాగే ఒక్కరోజు లాంచీ యాత్రను గమనించినవారికి ఇదే స్వభావం మన ఇంటి ముంగిట కూడా కనిపిస్తుంది. ఆ గోదావరిలో ప్రవహించే నీటిలో కొంతభాగం తూర్పు కనుమల్లోని డొంకరాయి జలాశయం మీదుగా వచ్చినదే. అందువల్ల దిగని ప్రయాణికుని ఆనందాన్ని అర్థం చేసుకోవాలంటే పడవలో ఏముందో చూడడంతోపాటు, పడవ కింది నీరు ఎక్కడిదో, పడవ పక్కనున్న ఒడ్డు ఎవరిదో కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

2. మజిలీ: కథ పుట్టే చోటు:

తెలుగు యాత్రా కథన సంప్రదాయంలో ఆగే చోటుకు ఉన్న ప్రాధాన్యం ప్రత్యేకంగా పేర్కొనదగినది. మధిర సుబ్బన్నదీక్షితకవి రచించిన 'కాశీమజిలీ కథలు' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మణిసిద్ధుడనే యతి ఒక పశులకాపరిని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరతాడు. దారిలో పిల్లవాడు వింతలు చూసి అడిగే ప్రశ్నలకు మజిలీలో కథలు చెబుతాడు. నడక సాగినంతసేపు ప్రశ్న పుడుతుంది, ఆగిన చోట జవాబు దొరుకుతుంది. అంటే ఆ గ్రంథ నిర్మాణానికే మజిలీ మూలస్తంభం. మజిలీని తొలగిస్తే కథ చెప్పడానికి చోటే ఉండదు.

వాస్తవ యాత్రాచరిత్రలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో దారిపొడవునా ఉన్న ఊళ్లు, వాటి మధ్య దూరాలు, నీటి వసతి, అంగళ్లు, బస చేయడానికి అనువైన చోట్లు మొదలైన వివరాలు విరివిగా ఉన్నాయి. గంగానది మీద పడవ ప్రయాణం చేసిన సందర్భంలో కూడా ఆయన చూపు రేవుల మీద, ఊళ్ల మీద నిలిచింది. ఆయనకు పడవ ఒక సాధనం, రేవు సమాచారం లభించే చోటు. తరువాత వచ్చేవారికి ఉపయోగపడాలన్న ఎరుకతో రాసినవారు దిగకుండా రాయలేరు.

ఆధునిక కాలంలో పాదయాత్రికుడిగా పేరొందిన మాచవరపు ఆదినారాయణ 'భ్రమణ కాంక్ష' ఈ ధోరణికి కొనసాగింపు. నడిచేవాడికి ప్రతి అడుగూ ఒక మజిలీయే. అతడు దిగవలసిన వాహనమే లేదు. దిగని నౌకాప్రయాణికుడికి పూర్తిగా ఎదురుకొనలో నిలిచే యాత్రికుడు పాదచారి. మన యాత్రా సాహిత్య విమర్శ ఎక్కువగా ఈ రెండో కొన నుంచే విలువలను రూపొందించుకుంది. ఎంత ఎక్కువగా దిగితే, ఎంత ఎక్కువగా కలిస్తే అంత మంచి యాత్ర అన్న అభిప్రాయం మనలో స్థిరపడింది. దిగనివాడిని గురించి ఆలోచించడానికి మన దగ్గర పరిభాష తక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

3. సాధనం గమ్యమైన క్రమం:

సముద్రయానం మొదట్లో అవసరం కోసం జరిగింది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వెలువడింది. అందులోని కథానాయకుడు బారిస్టరు చదువు కోసం ఓడ ఎక్కాడు. ఓడలోని భోజనపు బల్ల, స్నానపు గది, తోటి ప్రయాణికుల మర్యాదలు అతనికి వింతలయ్యాయి, పాఠకులకు హాస్యమయ్యాయి. ఓడలో గడిపిన రోజులు కథలో అంత ముఖ్యమైనా, పార్వతీశానికి ఓడ గమ్యం కాదు. విమానం లేని కాలంలో సీమకు చేరడానికి అదే మార్గం.

ఓడనే గమ్యంగా మార్చిన ఆలోచన వ్యాపార అవసరం నుంచి పుట్టింది. శీతాకాలంలో అట్లాంటిక్ దాటే ప్రయాణికులు తగ్గిపోయి ఓడలు ఖాళీగా పడి ఉండేవి. హాంబర్గ్ అమెరికా లైన్ సంస్థకు చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891 జనవరిలో 'అగస్టా విక్టోరియా' అనే ఓడను మధ్యధరా సముద్రంలో విహారయాత్రకు పంపాడు. అది ఫలించడంతో అదే సంస్థ విహారం కోసమే 'ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిస్' అనే నౌకను నిర్మించింది. అది 1901 జనవరిలో తొలి యాత్ర చేసింది. 1958 నుంచి అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు తిరగడం మొదలయ్యాక ప్రయాణ సాధనంగా ఓడ అవసరం వేగంగా తగ్గింది. 1972లో ఏర్పడిన కార్నివల్ వంటి సంస్థలు ఓడను తేలే వినోదశాలగా అమ్మడం ప్రారంభించాయి. చేర్చే పని విమానానికి పోయింది, గడిపే పని ఓడకు మిగిలింది. దిగని ప్రయాణికుడు పుట్టడానికి చారిత్రక నేపథ్యం ఇదే.

ఆంధ్ర తీరంలో ఈ పరిణామం ఇటీవలిది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారయాత్ర ప్రారంభించింది. నౌకలోని జూదశాల వంటి అంశాలపై అభ్యంతరాలు రావడంతో ఆ తొలి యాత్రలో పుదుచ్చేరిలో దిగడానికి అనుమతి లభించలేదు. ఒక రేవు జారిపోయినా నౌకాయాత్ర ఆగలేదు. కాశీయాత్రలో కాశీ జారిపోతే యాత్రే ఉండదు. గమ్యం ఊరి నుంచి నౌకకు మారిందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ కూడా ప్రారంభమైంది.

నేల మీద కూడా ఇదే తీరు ఉంది. 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలుకు అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ బోగీని జోడించారు. బొర్రా గుహలు, అరకు లోయ చూడడానికి ఎక్కేవారితోపాటు ఆ బోగీలో కూర్చోవడం కోసమే ఎక్కేవారూ ఏర్పడ్డారు. కొండ, సొరంగం, వంతెన వారి కిటికీ ముందుకు వచ్చి పోతుంటాయి.

4. లాంచీ ఒక లోకం:

తెలుగులో పడవనే కథాస్థలంగా నిలిపిన ఘనత చలనచిత్రానిది. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో వచ్చిన 'మూగమనసులు'లో పడవ ఇంకా రేవు నుంచి రేవుకు దాటించేదే. కథానాయకుడు పడవ నడిపేవాడు, నాయిక దాటేది. దాటడంలోనే వారి బంధం పెరిగింది. 1973లో బాపు దర్శకత్వంలో, ముళ్లపూడి వెంకటరమణ రచనతో వచ్చిన 'అందాల రాముడు' ఈ దృశ్యాన్ని మార్చింది. భద్రాచలానికి సాగే గోదావరి ప్రయాణంలో ప్రయాణికుల గుంపే సమాజమైంది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' అదే దారిలో, రాజమహేంద్రవరం నుంచి భద్రాచలానికి సాగే లాంచీని కథకు ఆధారం చేసుకుంది.

ఈ రెండు చిత్రాల్లోనూ భద్రాచలం ప్రయాణానికి పేరుకు గమ్యం. కథ నిజంగా జరిగేది మాత్రం దారిలో, లాంచీ మీద. ప్రేమ, అలక, వంట, పాట, తగవు, రాజీ అన్నీ నీటి మీదే నడుస్తాయి. 'కాశీమజిలీ కథలు'లో ఆగిన చోట కథ పుడితే, ఇక్కడ రెండు రేవుల మధ్య కథ పుట్టింది. ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో 1967లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో, సమాజంలో భాగంగా ఉంటూనే దానికి భిన్నమైన నియమాలతో నడిచే స్థలాలను గురించి చర్చించి, అటువంటి స్థలానికి ఓడను ఉత్తమ ఉదాహరణగా పరిగణించాడు. ఆ ఉపన్యాసం 1984లో ప్రచురితమైంది. ఒడ్డున సాధ్యం కాని సాన్నిహిత్యం లాంచీ మీద సాధ్యమవుతుందన్న మన చిత్రాల ఊహ ఈ భావనకు దగ్గరగా ఉంది.

అయితే ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. మన లాంచీ కథల్లో ఒడ్డు పూర్తిగా బయట ఉండిపోలేదు. 'గోదావరి'లో బుడగలు అమ్ముకునే కుర్రవాడు లాంచీ మీద కనిపిస్తాడు. విహారానికి వచ్చినవారి మధ్య పొట్టకూటి కోసం తిరిగేవాడు ఒకడుండడం వల్ల లాంచీ లోకానికి నిండుదనం వచ్చింది. ప్రయాణికులు రేవులో దిగకపోయినా రేవే మనిషి రూపంలో లాంచీ ఎక్కింది. దిగని యాత్ర కూడా సారవంతంగా ఉండగలదని, అందుకు ఒడ్డు ఏదో ఒక రూపంలో లోపలికి రావాలని ఈ చిత్రం సూచిస్తోంది.

5. పాపికొండల యాత్రలో ఒడ్డు:

వాస్తవంలో పాపికొండల యాత్ర ఎలా సాగుతుంది? రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారు దేవీపట్నం ప్రాంతంలోనూ, భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరంలోనూ లాంచీ ఎక్కుతారు. అల్పాహారం, మధ్యాహ్న భోజనం లాంచీలోనే వడ్డిస్తారు. పైఅంతస్తులో పాటలు, నృత్యాలు, పోటీలు జరుగుతాయి. గండిపోచమ్మ ఆలయం, పేరంటాలపల్లి, కొల్లూరు వెదురు గుడిసెలు ఈ మార్గంలో ప్రసిద్ధమైన మజిలీలు. పేరంటాలపల్లిలో శ్రీరామకృష్ణ మునివాటం ఉంది. అక్కడ కొండరెడ్లు వెదురుతో చేసిన అలంకరణ వస్తువులను యాత్రికులకు అమ్ముతుంటారు. లాంచీ ఆగిన కొద్దిసేపే వారి అంగడి. ఆ సమయంలో ఎందరు దిగారన్న దానిమీద ఆనాటి రాబడి ఆధారపడుతుంది. దిగకుండా కూర్చున్న ప్రయాణికుని విశ్రాంతికి, ఒడ్డున బుట్ట ముందు కూర్చున్న కొండరెడ్డి స్త్రీ ఎదురుచూపుకు ఈ సంబంధం ఉంది.

ఈ కొండలు, ఈ ప్రజలు పరిశోధనకు కొత్త కాదు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ పాపికొండల కొండరెడ్లపై చేసిన మానవశాస్త్ర అధ్యయనం 1945లో గ్రంథంగా వచ్చింది. పోడు వ్యవసాయం, జీలుగు కల్లు, కుటుంబ వ్యవస్థ, కలప-వెదురు వ్యాపారుల కింద వారి కూలి జీవితం అందులో చోటు చేసుకున్నాయి. ఆ రోజుల్లో గోదావరి మీద రాజమహేంద్రవరానికి వెదురు తెప్పలు సాగేవి. అంటే నది మీది వాహనానికి, ఒడ్డు మీది శ్రమకు సంబంధం విహారయాత్రల కన్నా ముందునుంచే ఉంది. మునుపు తెప్ప వెదురును తీసుకుపోయింది. నేడు లాంచీ వెదురు బొమ్మను కొనేవారిని తీసుకువస్తోంది.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 'రాయల్ వశిష్ఠ' అనే విహారపు లాంచీ మునిగిపోయింది. ఆ దుర్ఘటనలో అనేకమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ క్షణంలో నాటుపడవలు వేసుకుని వెళ్లి, నీటిలో కొట్టుకుంటున్నవారిని ఒడ్డుకు చేర్చింది అక్కడి గ్రామస్థులు. ఆ తరువాత లాంచీలు చాలాకాలం నిలిచిపోయాయి. తనిఖీల కోసం కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. నియమాల సంగతి అలా ఉంచితే, యాత్రా అధ్యయనం ఈ ఘటన నుంచి గ్రహించవలసిన విషయం మరొకటి ఉంది. లాంచీలోని వారు ఏ ఊరిలో దిగవలసిన అవసరం లేదనుకుంటారో ఆ ఊరే ఆపదలో వారికి దిక్కయింది. నీటి మీది లోకం ఎంత స్వయంసమృద్ధంగా కనిపించినా దాని భద్రత ఒడ్డున మనుషులుండడంలోనే ఉంది.

6. డొంకరాయి: పడవ కింది నీరు:

ఇప్పుడు నీటి వెంట ఎగువకు వెళ్దాం. పాపికొండలకు ఎగువన కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు కలిసే చోట, మోటు సమీపంలో సీలేరు శబరిలో చేరుతుంది. ఆ సీలేరు మీద తూర్పు కనుమల అడవుల మధ్య ఉన్నదే డొంకరాయి జలాశయం. ఎగువన మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ సీలేరు కేంద్రాలను దాటివచ్చిన నీరు ఇక్కడ నిలుస్తుంది. ఆనకట్ట దిగువన 25 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉంది. అక్కడి నుంచి నీరు కాలువ ద్వారా మోతుగూడెం వైపు సాగి, పొల్లూరులోని 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రాన్ని నడిపి, తిరిగి నదిలో కలుస్తుంది. రబీ పంటకాలంలో గోదావరి సహజ ప్రవాహం తగ్గినప్పుడు సీలేరు నుంచి వదిలే నీరే డెల్టా చేలకు పెద్ద ఆసరా. డొంకరాయి నుంచి ఎంత నీరు వదులుతారన్నది కోనసీమ రైతుకు ఏటా ముఖ్యమైన వార్త.

విహారయాత్రలకు అనువైన కాలం కూడా చలికాలం, వేసవి తొలిరోజులే. అందువల్ల ఆ నెలల్లో పాపికొండల మధ్య లాంచీని మోసే నీటిలో డొంకరాయి మీదుగా వచ్చిన పాలు తప్పక ఉంటుంది. లాంచీ పైఅంతస్తులో కూర్చున్నవారు చూసే ప్రశాంతమైన నీరు పూర్తిగా ప్రకృతి ఇచ్చినది కాదు. కొండల్లో కట్టిన ఆనకట్టలు, తవ్విన కాలువలు, తిరిగే టర్బైన్లు, ఆ జలాశయాల కింద మునిగిన పొలాలు దాని వెనుక ఉన్నాయి.

డొంకరాయికి ఎగువన ఇదే నది మీద మరో అనుభవం ఉంది. బలిమెల జలాశయం నిండడంతో ఒడిశాలోని మల్కనగిరి జిల్లా చిత్రకొండ ప్రాంతంలో నూటయాభైకి చేరువైన గ్రామాలు మూడువైపులా నీటితో వేరుపడిపోయాయి. ఆ ప్రాంతానికి కటాఫ్ ఏరియా అనే పేరే స్థిరపడింది. 2018 జూలైలో గురుప్రియ వంతెన ప్రారంభమయ్యేవరకు దశాబ్దాల పాటు అక్కడివారికి వైద్యానికైనా, రేషనుకైనా లాంచీయో, నాటుపడవో తప్ప గత్యంతరం లేకపోయింది. వారికి నీటి మీద గడిపే సమయం విహారం కాలేదు. ఎప్పుడు రేవు చేరతామా అన్న ఆరాటమే వారి ప్రయాణం. ఒకే నది మీద, కొద్ది దూరంలో, దిగకపోవడం ఒకరికి విలాసమైంది, దిగడం మరొకరికి జీవన్మరణ సమస్య అయింది. 'లాంచీ' అన్న పదం రెండు చోట్లా ఒక్కటే. అది మోసే అర్థం వేరు.

7. దిగకపోవడం దోషమా?

ఈ నేపథ్యంలో దిగని ప్రయాణికుణ్ణి తప్పుపట్టడం సులభం. కాని అది తొందరపాటు నిర్ణయమవుతుంది. దిగకపోవడానికి న్యాయమైన కారణాలు అనేకం ఉన్నాయి. వృద్ధులకు, కాళ్లనొప్పులున్నవారికి, చక్రాల కుర్చీ మీద తిరిగేవారికి నిటారైన రేవు మెట్లు ఎక్కి దిగడం సాధ్యం కాదు. వారు నదిని చూసి ఆనందించే హక్కు కోల్పోనక్కరలేదు. ఏడాది పొడవునా ఇంటి చాకిరీతో, ఉద్యోగంతో అలసినవారికి ఏమీ చేయకుండా కూర్చోవడమే యాత్ర కావచ్చు. రోజంతా అన్నీ చూసేయాలన్న ఆత్రం కూడా ఒక విధమైన శ్రమే.

దిగడమే గౌరవమని చెప్పడానికీ వీలులేదు. కొండరెడ్లు ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సముదాయాల జాబితాలో ఉన్నవారు. వారి పల్లెల్లోకి గుంపుగా వెళ్లి, అనుమతి అడగకుండా ఫొటోలు తీసి, అరగంటలో తిరిగి లాంచీ ఎక్కేవాడి కన్నా దూరం నుంచి చూసి ఊరుకున్నవాడే మర్యాదస్థుడు. డీన్ మెకానెల్ 1976లో ప్రచురించిన 'ద టూరిస్ట్' గ్రంథంలో, పర్యాటకుల కోసం అసలుతనాన్ని రంగస్థలంలా ఏర్పాటుచేసే పద్ధతిని వివరించాడు. అటువంటి ఏర్పాటును చూసి ఊరంతా చూశామని భ్రమపడడం కన్నా, చూడలేదన్న ఎరుకతో ఉండడం నిజాయితీకి దగ్గర.

అయినా ఒక హద్దు ఉంది. హైతీలోని లబాదీ తీరాన్ని రాయల్ కరీబియన్ సంస్థ 1986 నుంచి చాలాకాలం తన ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా వాడుకుంది. కంచెతో చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేరుచేసిన ఆ తీరంలో దిగినవారు నిజానికి నౌకకు పొడిగింపులోనే దిగారు. 2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసిన కొద్దిరోజులకే అక్కడికి విహార నౌక రావడం తీవ్ర విమర్శకు దారితీసింది. సహాయ సామగ్రిని కూడా నౌకలో తెచ్చామని సంస్థ సమాధానమిచ్చింది. ఆ సందర్భంలో ప్రయాణికులు దిగారా లేదా అన్న ప్రశ్న వెనక్కిపోయి, కంచెకు అవతల ఉన్నవారితో నౌకకు ఉన్న సంబంధమేమిటన్న ప్రశ్న ముందుకు వచ్చింది. పాపికొండల విషయంలోనూ విలువ కట్టవలసినది ఆ సంబంధానికే.

ఆ సంబంధం నేడు ప్రమాదంలో ఉంది. పోలవరం ప్రాజెక్టు ఎగువ కాఫర్ డ్యాం నిర్మాణం తరువాత వరద కాలంలో వెనుకనీరు దేవీపట్నం పరిసర గ్రామాలను ముంచెత్తుతోంది. గండిపోచమ్మ ఆలయం వరద నెలల్లో నీటిలో ఉండడం ఇటీవలి సంవత్సరాల్లో పరిపాటి అయింది. అనేక గ్రామాల ప్రజలు పునరావాస కాలనీలకు తరలిపోయారు. జలాశయం పూర్తిగా నిండితే నది వెడల్పవుతుంది, లాంచీలకు మరింత విశాలమైన నీరు లభిస్తుంది. పర్యాటకానికి అది లాభంగా కనిపించవచ్చు. అప్పుడు మజిలీలు మునిగిపోయి, అందరూ దిగని ప్రయాణికులే అవుతారు. ఎంచుకుని దిగకపోవడానికి, దిగడానికి ఊరే లేకపోవడానికి మధ్యనున్న తేడా ఆనాడు చెరిగిపోతుంది. కచ్చులూరులో పడవలతో వచ్చినవారి వంటివారు ఆనాడు ఒడ్డున ఉండరు.

8. అధ్యయనానికి కొన్ని ప్రశ్నలు:

యాత్రా రచనలను, యాత్రా చిత్రాలను, విహార సంస్థల ప్రచార పత్రాలను పరిశోధించేవారికి పై చర్చ నుంచి కొన్ని ప్రశ్నలు లభిస్తాయి.

1. వాహనంలో సేవచేసేవారు రచనలో కనిపిస్తున్నారా? సరంగు, కళాసీ, వంటమనిషి పాత్రలుగా ఉన్నారా, సౌకర్యంలో కలిసిపోయారా?

2. ప్రయాణికులు దిగకపోయినా ఒడ్డు ఏ రూపంలో వాహనంలోకి ప్రవేశించింది? మనిషిగానా, వస్తువుగానా, ఆహారంగానా, మైకులో వినిపించే వ్యాఖ్యానంగానా?

3. దిగకపోవడం ఎవరి నిర్ణయం? ప్రయాణికునిదా, సంస్థదా, ప్రభుత్వానిదా, నీటిదా?

4. రచయిత వర్ణించిన నీటికి చరిత్ర ఉందా? దాని కింద ఏముందో, అది ఎక్కడి నుంచి వదిలినదో రచనలో ప్రస్తావన ఉందా?

5. ఒడ్డున ఉన్నవారు ఆ వాహనాన్ని గురించి ఏమంటారు? వారి పాటల్లో, సామెతల్లో, ముచ్చట్లలో లాంచీ ఎలా ఉంది?

వీటిలో చివరి ప్రశ్నకు గ్రంథాలయంలో జవాబు దొరకడం కష్టం. పునరావాస కాలనీల్లో ఉన్న పెద్దల నోట వినవలసిందే. పేరంటాలపల్లి, కచ్చులూరు, దేవీపట్నం రేవులను ఎరిగిన తరం ఇంకా ఉంది. రేవుల పేర్లు, పడవల రకాలు, నీటిమట్టాలకు వాడే మాటలు, లాంచీ రాకను బట్టి రోజును లెక్కించుకున్న పద్ధతి ఇప్పుడు నమోదు కాకపోతే మరి దొరకవు. విశ్వవిద్యాలయాల తెలుగు, జానపద విజ్ఞాన శాఖలు ఈ ప్రాంతాన్ని క్షేత్రపర్యటనకు ఎంచుకోవడం అవసరం.

9. ముగింపు:

విహార నౌకలో దిగకుండా గడపడం చరిత్ర, వ్యాపారం, సాంకేతికత కలిసి రూపొందించిన ఒక ఆధునిక యాత్రా పద్ధతి. దానిని సోమరితనంగానో అహంకారంగానో కొట్టివేయడం సరికాదు. తెలుగు కథన సంప్రదాయం మజిలీకి పెద్దపీట వేసినా, లాంచీ చిత్రాల ద్వారా ఈ ఆనందాన్ని కూడా తనదిగా చేసుకుంది. అయితే ఆ ఆనందం నిలవడానికి ఒడ్డు కావాలి. ఒడ్డు పడవలోకి కథను పంపుతుంది, వెదురు బుట్టను పంపుతుంది, ఆపదలో నాటుపడవను పంపుతుంది. డొంకరాయి నుంచి పాపికొండల దాకా సాగే నీరు ఈ సంబంధాన్ని గుర్తుచేస్తోంది. దిగనని చెప్పే స్వేచ్ఛ ప్రయాణికునికి ఉండాలి. దిగాలనుకున్నవారికి రేవు ఉండాలి. రేవులో ఉన్నవారికి అక్కడే ఉండే హక్కు ఉండాలి. ఈ మూడింటిలో చివరిది లేనిచోట మొదటి రెండింటికీ అర్థం లేదు. తెలుగు యాత్రా సాహిత్య విమర్శ ఇకపై ప్రయాణికుని చూపుతోపాటు రేవు చూపును కూడా ప్రమాణంగా స్వీకరించవలసి ఉంది.